పుస్తకం పూర్తి కాకముందే సీరియల్ ముగించేస్తే తప్పెవరిది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం): ఇంగ్లీషు టీవీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి మూలమైన జార్జ్ మార్టిన్ నవలల్లో ఐదోది 2011లో వచ్చింది. ఆరోది ఇంకా రాలేదు. సీరియల్ మాత్రం 2016కల్లా పుస్తకాలను దాటేసి, 2019లో ముగిసింది. పుస్తకం వచ్చేదాకా ఆగాల్సిందని నా వాదన.

బొబ్బిలి కుర్రాడు: ఎన్నాళ్లు ఆగుతారన్నా? సీరియల్ మొదలైనప్పుడు బ్రాన్, ఆర్యా పాత్రలు వేసినవాళ్లు చిన్నపిల్లలు. ఇంకో ఐదేళ్లు ఆపితే మీసాలొచ్చిన బ్రాన్‌తో తీస్తారా? పుస్తకం అవలేదని 2016 జనవరిలో మార్టినే చెప్పాడు. భారతంలో నన్నయ వదిలేసిన అరణ్యపర్వాన్ని తిక్కన అందుకోలేదా?

తెలుగు మాస్టారు (విజయనగరం): తిక్కన అరణ్యపర్వం ముట్టుకోలేదు బాబూ. విరాటపర్వం నుంచి మొదలుపెట్టారు. అరణ్యపర్వ శేషం పూర్తిచేసింది ఎర్రన.

నాగావళి ఒడ్డు: పోలికే తప్పు. వ్యాసుడి మూలం ఎప్పుడో పూర్తయి ఉంది. గురజాడ కొండుభట్టీయం నాటకం ముగించకుండానే పోయారు. ఎవరో చివరి అంకాలు రాసి ఆడించేస్తే విజయనగరంలో ఊరుకుంటారా?

తెలుగు మాస్టారు: ఆయన ఇంకో నాటకం బిల్హణీయం కూడా అసంపూర్తే.

బొబ్బిలి కుర్రాడు: ముఖ్యమైన ముగింపులు మార్టినే వాళ్లకి చెప్పాడు కదా. ఇంకేంటి?

నాగావళి ఒడ్డు: చెబితే సరిపోతుందా? మొదటి ఆరు సీజన్లకీ పదేసి ఎపిసోడ్లు. ఏడోదానికి ఏడు, చివరిదానికి ఆరే. రాణి డేనెరిస్ నగరాన్ని తగలబెట్టడం పుస్తకంలోనూ ఉంటుందేమో, కానీ ఆ స్థితికి ఎలా వచ్చిందో చూపించడానికి వీళ్లకి తీరికే లేదు. పుస్తకంలో చచ్చి లేచిన బ్రాన్ తల్లి కేట్‌లిన్‌ని ఏకంగా ఎత్తేశారు. బ్రాన్‌ని మోసే హోడోర్ రహస్యమైతే రూమ్మేట్ టిఫిన్ తింటూ నోరు జారాడు. ఇన్నేళ్లు చదివి నేను అలా తెలుసుకోవాలా?

పలాస జీడిపప్పు: హోడోర్‌కి ఏమైంది? వద్దు, చెప్పకండి. నేను రెండో సీజన్లో ఉన్నా.

బొబ్బిలి కుర్రాడు: మీ రూమ్మేట్ మీద కోపం సీరియల్ మీద చూపిస్తే ఎలా?

నాగావళి ఒడ్డు: ఒక్క పేజీ చదవనివాళ్లతో వాదించడం నాదే బుద్ధి తక్కువ.

బొబ్బిలి కుర్రాడు: ఆఁ, ఇప్పుడు బయటపడింది. నాది తెలుగు మీడియం. అంతంత లావు ఇంగ్లీషు పుస్తకాలు మా ఇంట్లో ఎవరు కొన్నారు, ఎవరు చదివారు? సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకుంటూ చూశాను. నాకు దొరికిన కథ అదొక్కటే. మీరు ఆగమంటున్నది నన్ను కూడా.

నాగావళి ఒడ్డు: నిన్ను చూడొద్దని ఎవరన్నారు తమ్ముడూ? రేపు ఆరోది వచ్చినా, సింహాసనం ఎవరికో తెలిసే తెరవాలి నేను. నీకు కథ దొరికింది. నాకున్నది పోయింది.

బొబ్బిలి కుర్రాడు: అది పోగొట్టింది మార్టిన్. ఇంత రాశారు, ఆయన్ని ఒక్క మాటైనా అన్నారా?

నాగావళి ఒడ్డు: రాసేవాణ్ణి తొందరపెట్టకూడదు.

బొబ్బిలి కుర్రాడు: తీసేవాణ్ణి మాత్రం ఆపెయ్యొచ్చు!

తెలుగు మాస్టారు: ఎర్రన ఆ శేషాన్ని నన్నయ రాసినట్టుగానే రాసి, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. ఇద్దరూ అది కాస్త చూసుకుని మాట్లాడండి.