నాకిపారి చర్చి తాళంచెవి ఎవరి దగ్గర?

జార్జియాలో, స్వానేతి కొండల్లోని మెస్తియాలో దిగాం. ఉష్గులి వెళ్లే దారిలో నాకిపారి అనే ఊళ్లో సెయింట్ జార్జ్ రాతి చర్చి ఉంది. లోపల 1130లో తెవ్‌డోరె అనే రాజాస్థాన చిత్రకారుడు వేసిన కుడ్యచిత్రాలు చూద్దామని వెళ్తే తలుపుకి తాళం! మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి దాకా మెట్ల మీదే కూర్చున్నాం. పక్కింటావిడని ఫోన్లో అనువాదం పెట్టి అడిగితే, తాళంచెవి ఉన్నాయన గడ్డి కోతకి వెళ్లాడని కొండవైపు చెయ్యి చూపించింది. నెట్‌లో దొరికిన నంబరు కలవలేదు. ఆదివారం ప్రార్థన ఉంటుందేమోనని మళ్లీ వెళ్లాం, అదీ లేదు. తాళం సందులోంచి చూస్తే చీకటి తప్ప ఏమీ కనబడదు. శుక్రవారం పొద్దున్నే త్బిలిసి బయలుదేరాలి.

ఈమధ్య లోపలికి వెళ్లి చూసినవాళ్లు చెప్పండి: తాళం తీయించడానికి ముందుగా ఎవరితో మాట్లాడారు?