అప్‌డేట్: సింహాచలం కొండ దిగేటప్పుడు మెత్తబడిన బ్రేక్, కారణం దొరికింది

సింహాచలం కొండ దిగుతుంటే మా ఎస్‌యూవీ బ్రేక్ పెడల్ మెత్తబడి లోపలికి పోతోందని, కింద కాసేపు ఆపితే మళ్లీ మామూలైపోతోందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

సర్వీస్ సెంటర్‌వాళ్లు బ్రేక్ ప్యాడ్లు చూసి "బాగానే ఉన్నాయి సార్, కొత్త బండ్లు ఇలాగే ఉంటాయి" అని పంపించేశారు. పిల్లల్ని ఎక్కించుకుని కొండెక్కే బండికి ఆ మాట సరిపోదు. మీలో ఒకరు చెప్పినట్టు గాజువాకలో తెలిసిన మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్‌లో తేమ చూపించాను. బాగా ఎక్కువుంది.

ఈ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్‌లో ఒక గ్రేడు) కొత్తదైతే 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు; 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్‌లో ఆపకుండా బ్రేక్ తొక్కితే కాలిపర్లు (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగాలు) కాగి ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. పెడల్ మెత్తబడేది అందుకే. చల్లారాక బుడగలు పోతాయి కాబట్టి సర్వీస్ సెంటర్‌లో ఏమీ కనబడలేదు. ఏబీఎస్, ఈఎస్పీ లాంటి ఎలక్ట్రానిక్ భద్రతా ఏర్పాట్లు ఎన్ని ఉన్నా చక్రం దాకా ఒత్తిడి మోసేది ఈ ఆయిలే!

ఆయిల్ మొత్తం మార్పించి, లైన్లలో గాలి తీయించాను. వెనక ఎడమ కాలిపర్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంది, అదీ శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, వైజాగ్ బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లు ఈ పిన్నులు తప్పకుండా చూపించుకోండి.

మొన్న అదే కొండ, బ్రేకుల మీద భారం తగ్గేలా రెండో గేర్‌లో దిగాను, పెడల్ గట్టిగానే ఉంది. వచ్చే నెల అరకు వెళ్తున్నాం. అనంతగిరి ఘాట్ దిగాక తేడా ఏమైనా ఉంటే ఇక్కడే రాస్తాను.