ఏసీలు ఆపేసినా డిసెంబరు బిల్లు తగ్గలేదు, గీజర్లే కారణమా? (విశాఖ)

మధురవాడ_302
నమస్తే అండి. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు, ఇంట్లో ఐదుగురం. అక్టోబరు చివర్లోనే రెండు ఏసీలూ ఆపేశాం. ఫ్యాన్లు రాత్రిళ్లు దోమల కోసం ఒకటో నంబరులో తిరగడమే. అయినా డిసెంబరులో 248 యూనిట్లు వచ్చింది. నవంబరుకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బాత్‌రూములు రెండు, రెండింట్లోనూ 25 లీటర్ల గీజర్లు, 2000 వాట్లవి, ఐదేళ్ల పాతవి. పొద్దున్న ఐదున్నరకు వేస్తే తొమ్మిది దాకా ఆన్‌లోనే ఉంటాయి. సాయంత్రం మళ్లీ రెండు గంటలు. "ఆపి ఆపి వేస్తేనే ఎక్కువ కరెంటు కాలుతుంది, ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, థర్మోస్టాట్ చూసుకుంటుంది" అని ఎలక్ట్రీషియన్ అంటున్నారు. నిజమేనా? మన ఊరి చలికి ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చో లెక్కతో చెప్పగలరా?

సీతమ్మధార వాసి
నిజం కాదండి. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 1.16 వాట్-అవర్లు కావాలి. మేడ మీద ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు, ఒంటికి హాయిగా ఉండే స్నానం 40 డిగ్రీలు, బకెట్ 18 లీటర్లు అనుకుందాం. 18 × 16 × 1.16 అంటే 334. ఒక్కో స్నానానికి యూనిట్‌లో మూడో వంతు. ఐదుగురికి రోజుకు 1.7 యూనిట్లు, నెలకు 50. ఏ కంపెనీ గీజరైనా ఇంతకంటే తక్కువలో ఆ పని చేయలేదు. దీని పైన ఎంత కాలినా అది మీ ఒంటి మీద పడని వేడి. ఏదో ఒక దారిన పోతోంది. ఆదా అంతా అక్కడే.

ఇక 'ఎప్పుడూ ఆన్' సంగతి. ట్యాంకులోంచి వేడి బయటికి పోవడం లోపలి నీటికీ గది గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఆపేస్తే నీళ్లు చల్లారుతున్నకొద్దీ తేడా తగ్గుతుంది, పోయే వేడీ తగ్గుతుంది. ఆన్‌లో ఉంచితే రోజంతా 60 దగ్గరే ఉండి ఒకే వేగంతో పోగొట్టుకుంటూ ఉంటుంది. మళ్లీ వేసినప్పుడు కాలేది ఆ మధ్యలో పోయినంతే, అంతకు మించి కాదు. కాబట్టి ఆపి ఉంచడమే ఎప్పుడూ లాభం. గీజర్ మీద ఉండే బీఈఈ (కేంద్ర ఇంధన పొదుపు సంస్థ) స్టార్లు కూడా ఈ నిలవ నష్టాన్ని కొలిచి ఇచ్చేవే.

మీ గీజర్ ఎంత పోగొడుతోందో మీరే కొలవండి. ఎవరూ వాడని మధ్యాహ్నం పూట వేసి లైటు ఆరేదాకా ఆగండి. తర్వాత ఒక్క చుక్క కూడా వాడకుండా ఆన్‌లోనే వదిలి, లైటు మళ్లీ ఎప్పుడు వెలిగింది, ఎన్ని నిమిషాలు వెలిగింది రాసుకోండి. ఉదాహరణకు 5 గంటలకోసారి 7 నిమిషాలు వెలిగితే, 2000 వాట్ల దానికి ఒక్కోసారికి 0.23 యూనిట్, రోజుకు 1.1 యూనిట్. అంటే ఒక్క గీజర్‌ని ఊరికే ఆన్‌లో ఉంచితే నెలకు 33 యూనిట్లు గాలికి పోయినట్టే.

మీ ఇంటికి నా సలహా: పొద్దున్న ఒక్క గీజరే వాడండి. 25 లీటర్లు 24 నుంచి 60కి రావడానికి 2000 వాట్లతో అరగంట పైచిలుకు. వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు అన్నట్టు, 18 లీటర్ల బకెట్‌కి 60 డిగ్రీల నీళ్లు 8 లీటర్లు పోసి మిగతాది చన్నీళ్లు కలిపితే చాలు. నిండు గీజర్‌లో రెండున్నర బకెట్ల దాకా వస్తాయి. ఐదుగురూ వెంట వెంటనే చేసేస్తే మొత్తం 50 నిమిషాలు కాలితే సరిపోతుంది. నాలుగో మనిషి బయటికి రాగానే స్విచ్ ఆపేయండి. చన్నీళ్లు అడుగు నుంచి వచ్చి వేడినీళ్లను పైకి తోస్తాయి కాబట్టి ఐదో మనిషికి అందులో మిగిలినవే చాలు. ఆఖరి స్నానం అయ్యాక నిండు ట్యాంకు వేడినీళ్లు మిగిలితే ఒక యూనిట్ దాకా లోపలే ఉండిపోయినట్టు.

రెండో గీజర్‌ని కూడా వేడి చేస్తున్నారంటే, ఆ మిగులు మీకు రోజూ రెండు చోట్ల జరుగుతోంది.

గాజువాక పైపులు
పైవారు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తాను. కానీ లెక్కలో లేని దారిన వేడి పోతుంటే స్విచ్ ఎన్నిసార్లు ఆపినా లాభం ఉండదు. ముందు ఇది చూడండి.

గీజర్ పూర్తిగా వేడెక్కాక, ఎవరూ కుళాయి తిప్పకముందు, గీజర్‌కి చన్నీళ్లు వచ్చే పైపు మీద చెయ్యి పెట్టండి. గీజర్‌కి ఆనుకుని ఒక జానెడు వెచ్చగా ఉండడం మామూలే. మూరెడు దూరంలో కూడా వేడిగా తగిలితే వేడినీళ్లు వెనక్కి వస్తున్నాయని అర్థం. కారణం ఎక్కువగా రెండింట్లో ఒకటి.

ఒకటి, గీజర్ కింద బిగించే వాల్వ్. పీడనం పెరిగితే నీళ్లు వదలడం, నీళ్లు వెనక్కి పోకుండా ఆపడం రెండూ దాని పనే. లోపలి రబ్బరు వాషర్ దగ్గర ఇసుక రేణువో ఉప్పు పలుకో ఇరుక్కుంటే మూతపడదు. పై ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా గీజర్‌లో నీళ్లు కిందికి జారిపోతాయి. నీళ్లు లేకుండా ఆ తర్వాత స్విచ్ వేస్తే ఎలిమెంట్ (లోపల నీళ్లు కాచే రాడ్డు) కాలిపోతుంది.

రెండోది చాలామంది పట్టించుకోరు: మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి. హ్యాండ్ షవర్‌కి చివర మీట నొక్కే రకం ఉండి, గోడ మీద వేడి, చల్ల రెండు నాబ్‌లూ తెరిచి వదిలేస్తే, నీళ్లు బయటికి రావు గాని మిక్సర్ లోపలే ఆ పైపూ ఈ పైపూ కలిసిపోతాయి. వేడినీళ్లు చన్నీళ్ల లైన్లోకి వెళ్తాయి. పక్క గదిలో చల్లటి కుళాయి తిప్పితే గోరువెచ్చగా వస్తుంటే ఇదే. స్నానం కాగానే రెండు నాబ్‌లూ కట్టేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

పైపు పొడవు కూడా చూసుకోండి. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు వేసే ప్లాస్టిక్) పైపులో నాలుగు మీటర్లకు ఒక లీటరు నీళ్లు పడతాయి. గీజర్ నుంచి వంటింటి సింక్‌కి 8 మీటర్లు లాగి ఉంటే, చెంబుడు వేడినీళ్ల కోసం 2 లీటర్లు చల్లవి పారబోసి, చివర్లో 2 లీటర్లు వేడివి పైపులోనే చల్లారబెడతారు. గిన్నెలకు చన్నీళ్లే వాడుకోండి. జిడ్డు గిన్నె ఉంటే కెటిల్లో లీటరు కాచుకోవడం నయం.

ఉప్పు పట్టడం గురించి ఒక మాట. ఎలిమెంట్‌కి ఉప్పు పడితే కరెంటు ఎక్కువ కాలుతుంది అంటుంటారు. కాలదు. రాడ్డు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. అసలు ప్రమాదం వేరు. ఉప్పు పొర కింద రాడ్డు మితిమీరి వేడెక్కి పగులుతుంది, లోపల నీరు చేరుతుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే ఆపేసే స్విచ్) పడిపోతుంది. ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అయితే కుళాయి ముట్టుకుంటే షాక్. పూర్తిగా బోరు నీళ్లే వాడే ఇళ్లలో, ముఖ్యంగా తీరానికి దగ్గరగా ఉప్పు తగిలే బోర్లు ఉన్నచోట, ఏడాదికోసారి విప్పాలి. ఎంసీబీ ఆపి, చన్నీళ్ల వాల్వ్ కట్టి, వేడి కుళాయి తెరిచి, కింద పైపు విప్పి ట్యాంకు ఖాళీ చేయాలి. తర్వాత కింది మూత, థర్మోస్టాట్, ఫ్లాంజ్ (రాడ్డు బిగించి ఉండే పళ్లెం) బోల్టులు ఆ వరుసలో. రాడ్డుని లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి గంట నానబెడితే పొర వదులుతుంది. చాకుతో గీకకండి, పై తొడుగు గీతలు పడితే అక్కడే పగులుతుంది. పక్కన మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, ట్యాంకు తినేయకుండా తాను కరిగిపోయేది అదే. సగానికి పైగా అరిగితే మార్చండి. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయాలి, పాతదే పెడితే చెమ్మ దిగుతుంది. కుళాయిలోంచి నీళ్లు గాలి లేకుండా ధారగా వచ్చేదాకా స్విచ్ వేయొద్దు.

మధురవాడ_302
ఇద్దరికీ ధన్యవాదాలండి. చెయ్యి పెట్టి చూశాను, పెద్ద బాత్‌రూములో మూరెడు దూరానికి కూడా పైపు వేడిగానే ఉంది. హ్యాండ్ షవర్ నాబ్‌లు తెరిచే ఉన్నాయి. ఇంకో సందేహం. గీజర్ మానేసి గ్యాస్ మీద కాచుకుంటేనో, బకెట్లో హీటర్ రాడ్డు పెట్టుకుంటేనో చవకా? పిల్లల బాత్‌రూముకి 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ బిగించమంటున్నారు.

పెదవాల్తేరు_వైరింగ్
గ్యాస్ లెక్క: కిలో ఎల్‌పీజీలో 12.8 యూనిట్ల వేడి ఉంటుంది. పెద్ద గిన్నె, మూత పెట్టి కాస్తే అందులో 60 శాతం నీళ్లకు చేరుతుంది. మీ బకెట్‌కి 334 వాట్-అవర్లు కావాలంటే 43 గ్రాముల గ్యాస్. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే 2 రూపాయల 75 పైసలు. కరెంటు యూనిట్ 6 రూపాయలైతే అదే బకెట్ 2 రూపాయలు. సలసలా కాగే గిన్నెను పొయ్యి మీంచి దించి బాత్‌రూము దాకా మోసుకెళ్లడం పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. ఇక గ్యాస్ గీజర్ అంటే, మూసిన బాత్‌రూము లోపల ఎట్టి పరిస్థితిలోనూ బిగించకండి. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు, కిటికీ వేసి స్నానం చేస్తుంటే మనిషి చడీచప్పుడు లేకుండా పడిపోతారు.

రాడ్డు ఆదా విషయంలో మంచిదే, నిలవ నష్టం ఉండదు. 1500 వాట్లది ఒక బకెట్‌ని 13–14 నిమిషాల్లో 40కి తెస్తుంది. కానీ నియమాలు తప్పకూడదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది, మూడు పిన్నుల ప్లగ్గు, 16 ఆంపియర్ల సాకెట్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. నీళ్లలో పెట్టాకే ప్లగ్గు పెట్టాలి. ప్లగ్గు పీకి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడే తీయాలి. నీళ్లలో వేలు పెట్టి చూడడం ప్లగ్గు పీకాకే. స్టీలు బకెట్ వద్దు.

ఇన్‌స్టంట్ 3000 వాట్లది నిమిషానికి 2.7 లీటర్లే 16 డిగ్రీలు పెంచగలదు. కుళాయి అంతకంటే ఎక్కువ తిప్పితే గోరువెచ్చగా వస్తుంది, గీజర్ పాడైందనుకుంటారు. బకెట్ నిండడానికి ఆరున్నర నిమిషాలు. పైన షవర్‌కి పనికిరాదు. అది 13 ఆంపియర్లు లాగుతుంది. లైట్లకు వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద పెడితే జాయింట్లు మాడతాయి. ఎంసీబీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికంటూ విడిగా 16 ఆంపియర్ల ఎంసీబీ ఉండాలి. మీకున్న 25 లీటర్లది పాడవనప్పుడు దీని కోసం ఖర్చు పెట్టమని నేను చెప్పను.

థర్మోస్టాట్ మీట తిప్పే రకమైతే 50–55 దగ్గర పెట్టండి. పిల్లల చేతులు కాలే ప్రమాదం కొంత తగ్గుతుంది (పూర్తిగా పోదు, చన్నీళ్లు కలిపాకే ఇవ్వండి), నిలవ నష్టమూ తగ్గుతుంది. 50లోపు మాత్రం దించొద్దు, రోజుల తరబడి గోరువెచ్చగా నిలవున్న నీళ్లలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఊరికి వెళ్లొచ్చాక మొదటిసారి 60కి వేడి చేసి, కొన్ని నీళ్లు పారబోసి వాడండి.

మర్రిపాలెం మీటర్
గీజర్ కాకుండా ఏం కాలుతోందో మీటరే చెబుతుంది. మీటరు మీద '3200 ఇంపల్స్' అనో '1600' అనో రాసి, పక్కనే ఎర్ర లైటు మినుకుమంటుంటుంది. 3200 రకమైతే అన్ని మినుకులకు ఒక యూనిట్. ఫ్రిజ్ ప్లగ్గు కాసేపు తీసి, ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, పది నిమిషాలు లెక్కపెట్టండి. పది మినుకులు వస్తే 19 వాట్లు ఊరికే పోతున్నట్టు, నెలకు 13–14 యూనిట్లు.

ఏసీలు రిమోట్‌తో ఆపి స్టెబిలైజర్లు వదిలేసే ఇళ్లలో ఇది తప్పకుండా కనిపిస్తుంది. ఒక్కోటి 10 వాట్లు లాగినా రెండింటికి నెలకు 14 యూనిట్లు. మార్చి దాకా వాటి ఎంసీబీలు దించేయండి.

ఫ్యాన్ ఒకటో నంబరులో ఉన్నా, రెగ్యులేటర్ పాతకాలపు పెద్ద డబ్బా రకం అయితే పెద్దగా ఆదా ఉండదు, తగ్గించిన కరెంటు ఆ డబ్బాలోనే వేడై పోతుంది. రెండు గంటలు తిరిగాక దాని మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది. దోమల కోసమే అయితే కిటికీలకు మెష్ కొట్టించడం మేలు.

ఫ్రిజ్ లోపలి నాబ్ ఎండాకాలం 5లో పెట్టింది చాలామంది అలాగే వదిలేస్తారు. ఇప్పుడు 2 లేదా 3 చాలు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వస్తే రబ్బరు మార్చాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి. శ్లాబుల లెక్కలో తగ్గించిన యూనిట్లు పైనుంచే తగ్గుతాయి. 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 8.75. మీ 248లో మొదట పోయే 23 యూనిట్లు అన్నిటికంటే ఖరీదైనవి. ఆ మిక్సర్ నాబ్‌లు కట్టేసి, స్టెబిలైజర్లు ఆపితే అవి పోవడానికి అవకాశం బాగా ఉంది. ఇవాళే రీడింగ్ రాసి పెట్టుకుని, వారం తర్వాత మళ్లీ చూసి ఇక్కడ చెప్పండి.

గాజువాక పైపులు
@మధురవాడ_302 నాబ్‌లు కట్టేసి, గంటాగి మళ్లీ చెయ్యి పెట్టి చూడండి. అప్పటికీ పైపు వేడిగానే ఉంటే వాల్వ్ మార్చాల్సిందే. అర అంగుళానిది, 8 బార్ అని రాసి ఉన్నది తీసుకోండి. బాణం గుర్తు గీజర్ వైపు ఉండేలా బిగించాలి. తిరగేసి బిగిస్తే గీజర్‌లోకి నీళ్లే ఎక్కవు.