అమెరికా వాళ్ళ గురించి మనం విన్నవాటిలో ఏది నిజం?

కొత్తగా_కొలంబస్:

ఆగస్టులో ఒహాయో వచ్చాను, కొలంబస్‌లో ఉద్యోగం. మా టీమ్ లీడ్ థాంక్స్‌గివింగ్‌కి (నవంబరు చివర్లో ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే పండగ) వాళ్ళింటికి రమ్మన్నాడు. "ఒక్కడివే ఉంటావు కదా, మధ్యాహ్నం రెండింటికి వచ్చెయ్, మా అమ్మానాన్న, అక్కవాళ్ళు అందరూ ఉంటారు" అన్నాడు. సరేనన్నాను గానీ అప్పట్నుంచీ టెన్షన్. బయల్దేరే ముందు మావాళ్ళు చెవినిల్లు కట్టుకుని చెప్పింది వేరు. పద్దెనిమిది నిండగానే పిల్లల్ని బయటికి పంపేస్తారట, ముసలివాళ్ళని హోమ్‌లో పడేస్తారట, ఎవరింటికీ ఎవరూ వెళ్ళరట, ప్రతి ఇంట్లో తుపాకీ ఉంటుందట. "వాళ్ళకి బంధాలుండవురా" అని మా బాబాయి ఎయిర్‌పోర్టులో కూడా అన్నాడు. తీరా చూస్తే నలభై దగ్గరపడ్డ ఈ మనిషి అమ్మానాన్నలతో పండగ చేసుకుంటున్నాడు. ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

ఒహాయో_పిన్ని:

బాబూ, నేను ఈ రాష్ట్రానికి వచ్చింది 2003లో. నాకూ ఇదే లిస్టు ఇచ్చి పంపారు. ఇన్నేళ్ళైనా ఒక్క అక్షరం మారలేదన్నమాట!

ముందు ఆ పద్దెనిమిది సంగతి. ఆ వయసుకి ఓటు వస్తుంది, సంతకానికి విలువ వస్తుంది. కాలేజీకి వెళ్ళి హాస్టల్లో ఉంటే దాన్ని మనవాళ్ళు గెంటేయడం అంటారు. మనం ఇంటర్‌కే హాస్టల్లో వేస్తాం, దాన్ని మాత్రం చదువు అంటాం. ఇక్కడ కాలేజీ ఖర్చుకి ప్రభుత్వ సాయం కావాలంటే ఫాఫ్సా అని ఒక ఫారం నింపాలి. పెళ్ళో పిల్లలో, అలాంటి కారణమేదో ఉంటే తప్ప 24 ఏళ్ళు వచ్చేదాకా అందులో తల్లిదండ్రుల ఆదాయం చూపించాల్సిందే. మా అమ్మాయికి నింపేటప్పుడు మా ఆయన నెత్తి పట్టుకున్నారు. ఆరోగ్య బీమా అయితే 26 దాకా అమ్మానాన్నల పాలసీలోనే ఉండొచ్చు, 2010 చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. ప్యూ అనే సర్వే సంస్థ లెక్క ప్రకారం 2020 జులైలో 18 నుంచి 29 ఏళ్ళవాళ్ళలో 52 శాతం అమ్మానాన్నల ఇంట్లోనే ఉన్నారు. కోవిడ్ వల్ల కదా అంటావేమో, ఆ ఫిబ్రవరిలోనే 47 ఉంది.

ఇక ముసలివాళ్ళు. మా పక్కింటాయన స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. వాళ్ళమ్మ నర్సింగ్ హోమ్‌లోనే (ఇక్కడ అంటే ఆసుపత్రి కాదు, ముసలివాళ్ళని ఉంచి చూసుకునే చోటు) పోయింది. మీ బాబాయి చూస్తే "చెప్పానా" అంటాడు. కానీ అంతకుముందు ఏళ్ళ తరబడి ఆవిణ్ణి తన ఇంట్లోనే పెట్టుకుని చూశాడు. బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి కమ్మీలు తనే బిగించాడు. ఆవిడ పడి తుంటి విరిగాక, లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. అప్పుడు చేర్చాడు. ప్రతి ఆదివారం వెళ్ళి గోళ్ళు తీసి వచ్చేవాడు, నర్సులు సరిగా తీయరని. ఇంటికి మనిషిని పెట్టుకోవడం ఇక్కడ మామూలు జీతగాళ్ళ వల్ల కాదు. ఏళ్ళ తరబడి కావాల్సిన ఆ రకం సేవకి మెడికేర్, అంటే పెద్దవయసువాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, డబ్బివ్వదు. ఇదంతా విమానాశ్రయంలో నిలబడి చెప్పేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

తుపాకీ సగం నిజం. 2023లో ప్యూ అడిగితే పెద్దవాళ్ళలో 32 శాతం మంది తమకి ఉందన్నారు. మన ఒహాయోలో థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారమే తుపాకీతో జింకల వేట సీజన్ మొదలు. భోజనాల దగ్గర ఆ కబుర్లు దొర్లితే బెదిరిపోకు.

ఇళ్ళకి పిలవరన్నదాంట్లో మాత్రం కొంత ఉంది. "ఎప్పుడైనా కలుద్దాం" అంటే అది మర్యాదకి అనే మాట, వెంటనే ఫోను తీసి తేదీ చూడకు. మీవాడు తేదీ, టైము, ఎవరెవరు వస్తారో కూడా చెప్పాడు కాబట్టి ఇది అసలైన పిలుపే. వెళ్ళు.

మ్యూనిక్_మురళి:

ఇటునుంచి వినండి. జర్మన్లని అడిగితే అమెరికన్లకి ఆప్యాయత తక్కువని ఒక్కడూ అనడు. గట్టిగా మాట్లాడతారు, ముక్కూమొహం తెలియకపోయినా పలకరిస్తారు, ఊరికే నవ్వుతారు, ఇంటిముందు జెండాలు, మాట్లాడితే దేవుడు. ఇవీ ఇక్కడి ఫిర్యాదులు. వాల్‌మార్ట్ అనే అమెరికా సూపర్‌మార్కెట్ కంపెనీ 1997లో జర్మనీలో దిగి, తన అలవాటు ప్రకారం కొనడానికి వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించమని సిబ్బందికి చెప్పింది. జనానికి ఒళ్ళుమండింది. 2006లో దుకాణాలు అమ్మేసుకుని పోయింది. ధరల పోటీ, యూనియన్లు, చాలా కారణాలున్నాయి. అయినా ఇక్కడ ఎవరు చెప్పినా ఆ నవ్వు దగ్గరే మొదలుపెడతారు.

అంటే మీ బాబాయికి ఎవరూ పట్టనివాడిలా కనపడ్డ మనిషే నా పక్క సీటు జర్మన్‌కి మీదపడి పలకరించేవాడిలా కనపడుతున్నాడు. ఇద్దరూ ఎవరికి వాళ్ళ ఇంటి కొలబద్దే పట్టుకున్నారు.

ఒకటి మాత్రం నిజమే. "ఎక్కడినుంచి?" అని అడిగితే మా ఆఫీసు అమెరికన్ దేశం పేరు చెప్పడు, "మిన్నెసోటా" అంటాడు, అందరికీ తెలియాల్సిన రాష్ట్రమైనట్టు. (మనం జిల్లా పేరు చెప్పమా అంటే, చెప్తాం.)

హ్యూస్టన్_రవి:

పిన్నిగారూ, అన్నీ బాగానే చెప్పారు గానీ మీ ఉదాహరణ కూడా తెల్లాయనే అయ్యుంటాడు. మనవాళ్ళ ఊహలో అమెరికన్ అంటే తెల్లవాడే. 2020 జనాభా లెక్కల్లో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) కాని తెల్లవాళ్ళు 58 శాతం లోపే. మా ఎదురింటివాళ్ళు వియత్నాం నుంచి వచ్చిన కుటుంబం, మూడు తరాలు ఒకే కప్పు కింద. పిల్లలు ఇక్కడే పుట్టారు, ఫుట్‌బాల్ పిచ్చి, యాస పక్కా టెక్సాస్. వాళ్ళని చూసి "అమెరికావాళ్ళు ఇలా" అని మనలో ఎవరన్నా అంటారా?

ఒహాయో_పిన్ని:

తెల్లాయనే. మా వీధిలో ఎక్కువమంది వాళ్ళే మరి. కానీ నువ్వన్నది పాయింటే రవీ. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, పాస్‌పోర్టు ఇక్కడిదే. దాన్ని కూడా ఎవరూ ఈ లెక్కలో వేయరు.

కొత్తగా_కొలంబస్:

అందరికీ థాంక్స్. పిన్నిగారూ, ఒక చిన్న డౌట్. నేను మాంసం తినను. రెండింటికి రమ్మన్నాడంటే మూడింటికి వెళ్ళొచ్చా? ఏం పట్టుకెళ్ళాలి?

ఒహాయో_పిన్ని:

రెండంటే రెండే. ఐదు నిమిషాలు అటూ ఇటూ పర్లేదు, ఒంటిగంటన్నరకి మాత్రం తలుపు కొట్టకు. "ఏం తేను?" అని ఇవాళే మెసేజ్ పెట్టు. ఏమీ వద్దంటే పూలో, ఒక పైయో (లోపల తీపి పెట్టి ఓవెన్లో కాల్చేది) తీసుకెళ్ళు. మాంసం తిననని అందులోనే చెప్పెయ్, అక్కడికెళ్ళాక మొహమాటపడితే బ్రెడ్డు తిని వస్తావు. టర్కీ కోడి ఎలాగూ కనపడుతుంది, ముట్టుకోవు. చూసుకోవాల్సింది స్టఫింగ్, గ్రేవీ. స్టఫింగ్ పైకి బ్రెడ్డే గానీ చాలామంది చికెన్ నీళ్ళతో చేస్తారు. గ్రేవీ ఆ టర్కీ కారిన రసమే. బంగాళదుంపల మీద అది పోసేలోపు నీకు కొంచెం విడిగా తీసి పెట్టమను.