2029 హవాయి ట్రిప్: ఇప్పటి పాయింట్ల చార్ట్‌ని నమ్ముకోవాలా, ముందే 25 శాతం ఎక్కువ కొనాలా?

ఫ్రిస్కో_గోదారి

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఉంటాం. 2029 వేసవిలో మా అత్తయ్యగారు, మావయ్యగారు రాజమండ్రి నుంచి వస్తారు. అప్పుడు అందరం కలిసి హవాయి వెళ్లాలని కోరిక. మేం నలుగురం, వాళ్లిద్దరు. ఓవాహు దీవిలో కో ఒలీనా దగ్గరున్న డిస్నీ వాళ్ల అవులాని రిసార్ట్ అనుకుంటున్నాం. హవాయి అంటే దేశం దాటే పని లేదు కాబట్టి పెద్దవాళ్లకు ఇంకో దేశం వీసా టెన్షన్ కూడా ఉండదు.

డిస్నీ వెకేషన్ క్లబ్ (డిస్నీ రిసార్టుల టైమ్‌షేర్) పాయింట్లు రీసేల్‌లో, అంటే పాత ఓనర్ల దగ్గర, కొందామని చూస్తున్నాం. ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: ఇందులో ఫలానా వారం అని కొనరు. ఏటా వచ్చే పాయింట్లు కొంటారు. ఏ గదికి, ఏ వ్యూకి, ఏ తేదీన రాత్రికి ఎన్ని పాయింట్లో చెప్పే చార్ట్ ఏడాదికొకటి వస్తుంది. 2029 చార్ట్ ఇంకా రాలేదు. మావారి స్నేహితులు "ఇప్పటి లెక్కకు పాతిక శాతం కలిపి కొనండి, రేపు చాలకపోతే ఏం చేస్తారు?" అంటున్నారు. మావారికి ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు, కానీ ఎందుకు వద్దో గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

లెక్కల_పంతులు

పాతిక శాతం కలపొద్దమ్మా. టైమ్‌షేర్ పాయింట్లు హోటల్ రేట్ల మాదిరి ఏటా పెరిగేవి కావు. రిసార్ట్‌లో ఒక్కో యూనిట్‌కు ఏడాది మొత్తానికి ఇన్ని పాయింట్లని ముందే పత్రాల్లో రాసేస్తారు. అన్ని పాయింట్లే అమ్మగలరు. జూలైలో పెంచితే ఇంకో నెలలో తగ్గించి తీరాలి. ఆ మొత్తం పెరగదు.

ఏటా పెరిగేది మెయింటెనెన్స్ ఫీజు. అది పాయింటుకు ఇంతని కట్టాలి, వాడినా వాడకపోయినా కట్టాలి. ఊహాగానంతో కొన్న ప్రతి పాయింటుకూ ఒప్పందం ముగిసేదాకా, అంటే 2062 జనవరి దాకా కట్టాలి. మీవారి స్నేహితులు ఈ సంగతి చెప్పారా?

ఓరుగల్లు_77

పంతులు గారూ, మొత్తం పెరగదన్న మాట నిజమే. కానీ ఆ మాట పట్టుకుని ఈవిడ ధైర్యంగా ఉండొచ్చా? పిల్లల బడి ఉన్నవాళ్లు జూన్, జూలైల్లోనే వెళ్లగలరు. పెంచితే జనం ఎగబడే వారాల్లోనే పెంచుతారు, తగ్గిస్తే ఎవరూ పోని సెప్టెంబర్‌లో తగ్గిస్తారు. యూనిట్ మొత్తం సరిగ్గానే ఉంటుంది, ఈవిడ జూలైకి మాత్రం చాలదు.

ఇది ఊహ కాదు. 2018 డిసెంబర్‌లో 2020 చార్టులు బయటపెట్టినప్పుడు స్టూడియోలకు, ఒక బెడ్‌రూమ్ గదులకు చాలా రిసార్టుల్లో పాయింట్లు పెరిగాయి. తర్వాత 2021 చార్టుల్లో ఐదు సీజన్లను ఏడు చేశారు. చాలామంది మామూలుగా వెళ్లే వారాలు ఒక సీజన్ నుంచి ఇంకో సీజన్‌కు మారిపోయాయి. మరి 2029లో అలా జరగదని ఎవరు రాసిస్తారు? అందుకే కొంత చేతిలో ఉంచుకోమంటాను.

లెక్కల_పంతులు

ఓరుగల్లు గారూ, 2020 చార్టుల కథ సగంలో ఆపేశారు. సభ్యులంతా గొడవ చేస్తే 2019 జనవరిలో వాటిని వెనక్కి తీసుకున్నారు. ఎందుకు గొడవైందో కూడా చెప్పాలి. రెండు బెడ్‌రూమ్‌ల యూనిట్లు కొన్ని మధ్యలో తలుపుతో ఉంటాయి. తలుపు మూసి స్టూడియోగా, ఒక బెడ్‌రూమ్‌గా విడివిడిగా ఇస్తారు. విడివిడిగా తీసుకుంటే కలిపి తీసుకున్నదానికంటే ఎక్కువ పాయింట్లు పడతాయి. ఆ తేడాను ఇంకా పెంచబోయారు. మొత్తం పెరగకూడదన్న నియమానికి అది విరుద్ధమని సభ్యులు పత్రాలు తీసి చూపించారు. ఆ నియమానికి బలం ఉంది కాబట్టే వెనక్కి తగ్గారని నా అభిప్రాయం.

సీజన్ల మార్పు నిజం, దాన్ని కాదనను. కానీ దాంతో కొన్ని తేదీలకు పెరిగాయి, కొన్నింటికి తగ్గాయి. పాతిక శాతం అన్న అంకె మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

కోనసీమ_కొబ్బరి

మీరిద్దరూ చార్ట్ దగ్గరే ఆగిపోయారు. అమ్మాయి ఏ గది తీసుకుంటుందో ఎవరూ అడగలేదు. అసలు తేడా అక్కడుంది.

ఆరుగురు ఒక స్టూడియోలో పట్టరు, అందులో నలుగురికే వీలు. కాబట్టి మూడు దారులు. చార్ట్‌లో అంకెలు కావివి, లెక్క తెలియడానికి ఉజ్జాయింపుగా అనుకుందాం: స్టూడియో రాత్రికి 22, ఒక బెడ్‌రూమ్ 44, రెండు బెడ్‌రూమ్‌లు 60. ఏడు రాత్రులకు రెండు స్టూడియోలైతే 308. రెండు బెడ్‌రూమ్‌ల విల్లా అయితే 420. ఒక బెడ్‌రూమ్‌తోపాటు విడిగా స్టూడియో అయితే 462. చార్ట్ మారినందుకు వచ్చే తేడా దీని ముందు ఎంత?

రెండు స్టూడియోలు చవక అని ఎగబడకండి. స్టూడియోలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి, పొయ్యి ఉండదు. రెండు గదులు పక్కపక్కనే ఇస్తారన్న హామీ కూడా లేదు. అత్తయ్యగారికి పొద్దున్నే కాఫీ, మధ్యాహ్నం వేడన్నంలోకి ఏదో ఒక చారు, రాత్రికి పెరుగన్నం ఉండాలంటే పూర్తి వంటిల్లు కావాలి. రిసార్ట్ హోటళ్లలో ఆరుగురికి పూటపూటా తినాలంటే చాలా అవుతుంది. దగ్గర్లోనే కపొలేలో కాస్ట్‌కో ఉంది. దిగిన రోజే పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పెద్దవాళ్లకు పరాయి ఊరన్న బెంగ ఉండదు. విల్లాలో బట్టలు ఉతికే మెషీన్ కూడా ఉంటుంది, ఈతకొట్టే పిల్లలున్న ఇంటికి అది చాలా అవసరం. నా ఓటు రెండు బెడ్‌రూమ్‌లకే.

ఫ్రిస్కో_గోదారి

కొబ్బరి అక్కా, వంటిల్లు మాట మా ఇంటి సంగతి చూసి చెప్పినట్టే ఉంది. రెండు బెడ్‌రూమ్‌లే అనుకుంటున్నాం. మూడేళ్లకోసారి వెళ్తే చాలు. మీ అంకెల ప్రకారం 420ని మూడుతో భాగిస్తే ఏటా 140. పాతిక శాతం కలిపితే 175 అవుతుంది. ఆ 35 పాయింట్ల మీదే మా ఇంట్లో వాదన.

డిసెంబర్_యూజర్

మూడుతో భాగించడం సరే, కానీ ఆ మూడేళ్లు ఏవో చూసుకున్నారా? ఈ చర్చలో అందరూ ఇప్పుడే కొనాలన్నట్టు మాట్లాడుతున్నారు. కొన్న పాయింట్లు ట్రిప్ దాకా రావు.

పాయింట్లను వచ్చే ఏడాదికి బ్యాంక్ చేసుకోవచ్చు, కానీ ఒక్కసారే. బ్యాంక్ చేసినవాటిని మళ్లీ ముందుకు జరపడానికి కుదరదు. అలాగే రాబోయే ఏడాదివి ముందే వాడుకోవచ్చు, అదీ ఒక్క ఏడాదివే. మీ ఒప్పందం యూజ్ ఇయర్ (ఏటా పాయింట్లు వచ్చే నెలతో మొదలయ్యే ఏడాది) జూన్‌లో మొదలవుతుందనుకుందాం. 2029 జూలై ట్రిప్‌కి పనికొచ్చేవి మూడే: 2028 జూన్‌లో వచ్చి బ్యాంక్ చేసినవి, 2029 జూన్‌వి, 2030 నుంచి తెచ్చుకున్నవి. 2026వి, 2027వి ఆ ట్రిప్‌కి అస్సలు అందవు. ఫీజు మాత్రం కట్టాల్సిందే.

హోమ్ రిసార్ట్‌లో, అంటే పాయింట్లు కొన్న రిసార్ట్‌లో, 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు, అంటే 2028 ఆగస్టులో. కాబట్టి 2028 తొలి నెలల్లో కొన్నా సరిపోతుంది. 2020 చార్ట్ 2018 డిసెంబర్‌లోనే వచ్చిందని ఓరుగల్లు గారే అన్నారు. ఆ లెక్కన మీరు కొనే వేళకి 2029 చార్ట్ చేతిలో ఉంటుంది. ఊహించే పనేముంది?

ఇంకో మాట, నెల చూసి కొనండి. డిసెంబర్ యూజ్ ఇయర్ అయితే బ్యాంక్ చేయడానికి గడువు జూలై 31. జూలై ట్రిప్ ఆఖర్లో రద్దయితే ఆ పాయింట్లు చేతిలో ఇరుక్కుపోతాయి. జూన్ యూజ్ ఇయర్‌కి గడువు జనవరి 31, కాస్త ఊపిరి ఉంటుంది. పైగా 30 రోజుల్లోపు రద్దు చేస్తే పాయింట్లు హోల్డింగ్‌లో పడతాయి, 60 రోజుల్లోపు దొరికే గదులకే వాడాలి. డెబ్బై దాటిన పెద్దలతో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఈ నియమం చదివి తీరాలి.

ఓరుగల్లు_77

ఇది మంచి మాట, ఒప్పుకుంటాను. కానీ 2028లో అవులాని, జూన్ యూజ్ ఇయర్, 140 పాయింట్లు, ముందటి ఏడాదివి వాడకుండా మిగిలిన ఒప్పందం కావాలంటే అమ్మేవాళ్లు ఆ నెలలో దొరకాలి కదా. దొరికినా డిస్నీకి మొదటి కొనుగోలు హక్కు ఉంటుంది, మీ ధరకి వాళ్లే కొనేసుకోవచ్చు. అప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతకాలి. నేనైతే ఏడాది ముందు నుంచే చూడటం మొదలుపెడతాను.

రీసేల్ ప్రకటనల్లో "సబ్సిడైజ్డ్" అన్న మాట ఉందో లేదో కూడా చూడమ్మా. 2010లో అవులాని అమ్మకాలు మొదలైనప్పుడు ఫీజు మరీ తక్కువగా లెక్కేశారు. ఆ తప్పు బయటపడ్డాక అమ్మకాలు ఆపి, పెద్ద అధికారులను తీసేసి, కొత్త ఫీజుతో మళ్లీ మొదలుపెట్టారు. ముందు కొన్నవాళ్లకు తక్కువ ఫీజే నిలిపారు. ఆ ఒప్పందం దొరికితే పాయింటుకు నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. కంపెనీ వాళ్లే ఫీజు అంచనా వేయలేకపోయినచోట మనం అంచనా వేస్తున్నామని గుర్తుపెట్టుకోవాలి.

బే_ఏరియా_తమ్ముడు

అందరూ ఎలా కొనాలో చెబుతున్నారు. అసలు కొనాలా అని ఎవరూ అడగరేం? నేను హెచ్‌-1బీ మీద ఉన్నాను, గ్రీన్ కార్డ్ క్యూ ఎప్పుడు కదులుతుందో తెలియదు. నాలాంటివాళ్లు 2062 దాకా ఫీజు కట్టే కాగితం మీద సంతకం ఎందుకు పెట్టాలి? వాడుకోలేని ఓనర్లు పాయింట్లు అద్దెకిస్తారు. 2029 జూలైకి 420 కావాలంటే 420 అద్దెకు తీసుకోండి, అయిపోయింది. మూడేళ్లకోసారి వెళ్లేవాళ్లకు అదే మేలని నా గట్టి నమ్మకం.

లెక్కల_పంతులు

తమ్ముడూ, నీ పరిస్థితికి అద్దే సరైనది. అయితే అద్దె బుకింగ్ సాధారణంగా రద్దు చేస్తే డబ్బు రాదు. అత్తయ్యగారికి వీసా రాకపోయినా, మోకాలు నొప్పి వచ్చినా మొత్తం పోతుంది. ఓనర్‌కైతే కనీసం పాయింట్లు మిగులుతాయి. పెద్దవాళ్ల వీసా ముద్ర పడ్డాకే అద్దె డబ్బు కట్టాలి.

ఫ్రిస్కో_గోదారి

మాకు గ్రీన్ కార్డ్ వచ్చింది, అందుకే కొనే ఆలోచన. డిసెంబర్ గారు చెప్పింది మావారికి చూపించాను. 2026, 2027 పాయింట్లు అందవన్న దగ్గర ఆయన ఆగిపోయారు. ఇప్పుడు కొనడం లేదు. కానీ "2028లో చార్ట్ పెరిగి ఉంటే 175 కొంటాం" అంటున్నారు. అది సబబేనా?

ఇంకో సంగతి. మావయ్యగారు కవాయ్ దీవిలోని ఇరైవన్ గుడి గురించి చదివారు. ఆ రాళ్లను బెంగళూరు దగ్గర చేత్తో చెక్కి ఓడలో పంపారట, 2023లో కుంభాభిషేకం జరిగింది. అక్కడికి వెళ్లాలని ఆయనకు చాలా ఉంది.

కోనసీమ_కొబ్బరి

మరి జవాబు మీ మావయ్యగారే ఇచ్చారు కదమ్మా! కవాయ్ వేరే దీవి, హోనొలులు నుంచి విమానంలో వెళ్లాలి. అక్కడ రెండు రాత్రులు మామూలు హోటల్‌లో ఉంటే అవులానిలో ఐదు రాత్రులే. రాత్రికి 60 చొప్పున 300, అంటే ఏటా 100. చార్ట్ పది శాతం పెరిగినా 330, ఏటా 110. చాలకపోతే తగ్గించుకోవడానికి మన చేతిలో ఉన్నవి రాత్రులు. 2062 దాకా ఫీజు కట్టే 35 పాయింట్లు కొనడం కంటే ఒక రాత్రి తగ్గించడం ఎంత తేలిక!

వ్యూ కూడా చూడండి. స్టాండర్డ్ వ్యూ, గార్డెన్ వ్యూ, పూల్ వ్యూ, ఓషన్ వ్యూ అని రకాలున్నాయి, ఒక్కో మెట్టుకీ పాయింట్లు పెరుగుతాయి. కొనేటప్పుడు పూల్ వ్యూ లెక్కన కొనండి. చార్ట్ పెరిగితే గార్డెన్ వ్యూకి దిగండి.

ఓరుగల్లు_77

అక్కా, రాత్రులు తగ్గించడం బాగుంది. నా పట్టు కొంచెం సడలిస్తున్నాను, పాతిక వద్దు, పది చాలు. కానీ స్టాండర్డ్ వ్యూని మాత్రం లెక్కలోకి తీసుకోవద్దని ఈ అమ్మాయికి చెప్పండి. అవి తక్కువ గదులు, 11 నెలల ముందు బుకింగ్ తెరవగానే పోతాయి. ఆ లెక్కన కొని, ఆ రోజు దొరక్కపోతే ఏం చేస్తారు? ఫ్లోరిడా రిసార్ట్ పాయింట్లు చవకని కొని అవులానికి వెళ్దామనుకునేవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. వాళ్లకు 7 నెలల ముందు మాత్రమే అవకాశం, జూలైకి అప్పటికి మిగిలినవే దక్కుతాయి.

డిసెంబర్_యూజర్

పది శాతం కూడా ఎందుకు? 2028లో చార్ట్ చూసే కొంటున్నారు కదా. ఆ తర్వాతి ట్రిప్ 2032లో. అప్పటికి పిల్లలు ఎంత పెద్దవాళ్లో, పెద్దవాళ్లు రాగలరో లేదో తెలియదు. ఆరుగురు నలుగురైతే ఒక బెడ్‌రూమ్ చాలు, పాయింట్లు మిగులుతాయే కానీ తగ్గవు.

ఇంకొకటి, హవాయిలో పాయింట్ల మీద ఉన్నా రాత్రికింతని వసతి పన్ను కట్టాలి. అది పాయింట్లలో కలవదు, రిసార్ట్‌లో డబ్బుగా కట్టాలి. విమానం టిక్కెట్ల పక్కన అది కూడా రాసుకోండి.

ఫ్రిస్కో_గోదారి

అందరికీ ధన్యవాదాలు. ఐదు రాత్రులు, పూల్ వ్యూ, జూన్ యూజ్ ఇయర్, 2028లో కొనడం. ఇంతవరకూ ఇద్దరం ఒప్పుకున్నాం. పది శాతం మీద మావారు ఓరుగల్లు గారి పక్షం, నేను డిసెంబర్ గారి పక్షం. 2029 చార్ట్ రాగానే రెండు బెడ్‌రూమ్‌ల పూల్ వ్యూ జూలై అంకె ఇక్కడే పెడతాను.