గోమోర్‌ను రిస్ట్రిక్టెడ్ ఫోల్డర్‌లోకి మార్పించుకోవాలంటే డాసెబ్‌కి ఏం పంపాలి?

మెదక్_ఎన్‌సీఓ

అన్నలందరికీ నమస్తే. యూఎస్ ఆర్మీ యాక్టివ్ డ్యూటీ, సార్జెంట్ ఫస్ట్ క్లాస్ (ఈ-7). 2023 మార్చిలో డీయూఐ (తాగి బండి నడపడం) మీద గోమోర్ వచ్చింది. తెలియనివాళ్ల కోసం: జనరల్ ఆఫీసర్ సంతకంతో వచ్చే మందలింపు మెమో అది. రిబటల్ (నా జవాబు) ఇచ్చాను, అయినా ప్రమోషన్ బోర్డులకు కనబడే పర్ఫార్మెన్స్ ఫోల్డర్‌లోనే ఫైల్ చేశారు. తర్వాత ఆర్మీ బయటి కోర్టులో కేసు రెక్‌లెస్ డ్రైవింగ్‌కు తగ్గింది. అప్పటి నుంచి మూడు ఎన్‌సీఓఈఆర్‌లు (ఎన్‌సీఓల, అంటే సార్జెంట్ స్థాయివాళ్ల పనితీరు రిపోర్టులు) వచ్చాయి: 2023 సెప్టెంబర్‌ది, అందులో డీయూఐ ప్రస్తావన ఉంది; 2024ది, 2025ది శుభ్రంగా ఉన్నాయి. మాస్టర్ సార్జెంట్ ప్రమోషన్ బోర్డు ముందుంది.

నా ప్రశ్నలు: కోర్టు తగ్గించింది కాబట్టి డాసెబ్‌ను (ఇలాంటి మెమోల మీద అర్జీలు తేల్చే ఆర్మీ బోర్డు) మొత్తం తీసేయమని అడగాలా, ప్రమోషన్ బోర్డులకు మామూలుగా కనబడని రిస్ట్రిక్టెడ్‌కు మార్చమని అడగాలా? రెండూ ఒకే అర్జీలో పెట్టొచ్చా? ప్యాకెట్‌లో ఏమేం ఉండాలి?

ఫైలుగుమాస్తా

రెండూ కలపొద్దు. జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఏఆర్ 600-37 అనే ఆర్మీ నిబంధనలో ఇవి రెండు వేరు వేరు దారులు. తీసేయమంటే, ఆ మెమో పూర్తిగా గానీ కొంత గానీ అబద్ధమనో అన్యాయమనో చూపించాలి. దానికి స్పష్టమైన, నమ్మి తీరాల్సిన సాక్ష్యం కావాలి. భారమంతా నీదే, ఎందుకంటే ఒకసారి ఫైల్లో చేరిన కాగితం సక్రమంగానే చేరిందని డాసెబ్ ముందే అనుకుంటుంది. మార్చమంటే మాత్రం తప్పు జరగలేదని అనక్కర్లేదు. రెండు సంగతులు చూపాలి: మెమో ఏ ఉద్దేశంతో ఇచ్చారో అది నెరవేరింది, దాన్ని మార్చడం ఆర్మీకే మేలు. దీనికి గట్టి సాక్ష్యం చాలు. మొదటి మెట్టంత ఎత్తు కాదు.

ఇప్పుడు రెండూ ఒకే కాగితం మీద పెడితే ఏమవుతుందో చూడు. మొదటి పేజీలో 'నేను చేయలేదు' అంటావు, మూడో పేజీలో 'చేశాను, బుద్ధి తెచ్చుకున్నాను' అంటావు. చదివేవాడు రెండోది నమ్మడు.

కోర్టు తగ్గింపు గురించి. గోమోర్ పరిపాలనా చర్య, యూసీఎంజే (సైనిక నేర చట్టం) కింద శిక్ష కాదు. మెమోలోనే ఆ వాక్యం ఉంటుంది, తీసి చూడు. ప్రాసిక్యూటర్ బేరం కుదుర్చుకుని కేసు తగ్గించినంత మాత్రాన బ్రెతలైజర్ అంకె మారదు. కోర్టు కాగితంలో 'పరీక్ష చెల్లదు' అనో, 'బండి ఆపడమే అక్రమం' అనో రాసి ఉంటే తీసివేత గురించి ఆలోచించు. ఉత్త ప్లీ బార్గెయిన్ అయితే ఆ దారి వదిలెయ్. ఇంకొకటి, డీయూఐకి జనరల్ మందలింపు ఇవ్వడం ఏఆర్ 190-5 ప్రకారం తప్పనిసరి తంతు. 'నా మీద పగబట్టి ఇచ్చారు' అన్న వాదన అందుకే నిలవదు.

అర్హత: మార్పు అర్జీ ఈ-6, ఆపై ఎన్‌సీఓలకు, వారంట్ ఆఫీసర్లకు, ఆఫీసర్లకు. మెమో ఇచ్చి కనీసం ఏడాది కావాలి, ఆ మధ్యలో కనీసం ఒక ఎవాల్యుయేషన్ వచ్చి ఉండాలి. ఆర్మీ స్కూల్ నుంచి వచ్చే 1059 ఫారం రిపోర్టు లెక్కలోకి రాదు. నువ్వు రెండూ దాటావు. ఏడాది నిండిన మర్నాడే పంపేవాళ్లున్నారు. అది నా దృష్టిలో తొందరపాటు. సంఘటన జరిగిన ఏడాది రిపోర్టు ఒక్కటే చేతిలో పెట్టుకుని 'మారాను' అంటే ఎవరు నమ్ముతారు? శుభ్రమైనవి రెండున్నాయి కదా, ఇప్పుడు పంపు.

మెదక్_ఎన్‌సీఓ

థాంక్స్ అన్నా. అయితే మార్పే అడుగుతా. ప్యాకెట్ సంగతి ఎవరైనా చెప్పండి. దగ్గరున్న లెటర్లన్నీ రిబటల్ టైంలో తీసుకున్నవే.

చీఫ్_గాజువాక

ఆ లెటర్లు పక్కన పడెయ్ తమ్ముడూ. 2023లో రాసిన లెటర్ 2025లో నువ్వెలా ఉన్నావో చెప్పలేదు. పైగా వాటిలో సగం 'ఇతను అలాంటివాడు కాదు, లోకల్‌గా, అంటే యూనిట్‌లోనే, ఫైల్ చేయండి' అని ఉంటాయి. జనరల్ అప్పుడే చదివి పక్కన పెట్టిన మాటలు అవి.

ప్యాకెట్‌లో ముందు ఉండాల్సింది నీ మెమో. ఏఆర్ 25-50 ఫార్మాట్‌లో రెండు పేజీలు దాటకుండా రాయి. మొదటి పేరాలోనే ఏం అడుగుతున్నావో చెప్పు: ఫలానా తేదీ మెమోను, దాని జతకాగితాలతో సహా, పర్ఫార్మెన్స్ నుంచి రిస్ట్రిక్టెడ్‌కు మార్చాలి. రెండో పేరాలో జరిగింది ఒప్పుకో, సాకులు చెప్పకు. 'ఆ రోజు స్ట్రెస్‌లో ఉన్నాను' అనే వాక్యం దగ్గరే చాలా అర్జీలు బోల్తా పడతాయి. తర్వాత ఉద్దేశం నెరవేరిందనడానికి రుజువులు. చివర్లో ఆర్మీకి మేలేమిటో.

ఈ చివరిదాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. 'నాకు ప్రమోషన్ రావాలి, పిల్లలున్నారు' అని రాస్తే అది నీకు మేలు, ఆర్మీకి కాదు. నీ ఎంఓఎస్‌లో (నువ్వు చేసే పని విభాగంలో) మాస్టర్ సార్జెంట్లకు కొరత ఉందా? ఏ ఫస్ట్ సార్జెంట్ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టాలని కమాండర్ అనుకుంటున్నాడు? నువ్వు నేర్పిన పని ఇంకెవరికి రాదు? అలాంటివి రాయి.

డీయూఐ కేసు కాబట్టి ఈ కాగితాలు తప్పనిసరి: కోర్టు తుది తీర్పు కాపీ, జరిమానా కట్టిన రసీదు, ప్రొబేషన్ ముగిసిన కాగితం, లైసెన్స్ తిరిగి ఇచ్చినట్టు రుజువు, పోస్టు మీద డ్రైవింగ్ హక్కు పునరుద్ధరించిన మెమో, ఏఎస్ఏపీ (మద్యం, డ్రగ్స్ మీద ఆర్మీ కార్యక్రమం) క్లాసు సర్టిఫికెట్. ఎస్‌యూడీసీసీకి (వ్యసన చికిత్స విభాగం) పంపి ఉంటే అక్కడ చికిత్స ముగిసినట్టు లెటర్. వీటిలో ఒక్కటి లేకపోయినా చదివేవాడికి 'ఇంకా తేలలేదేమో' అన్న అనుమానం వస్తుంది. ఉద్దేశం నెరవేరలేదనడానికి ఆ అనుమానం చాలు.

ఇక లెటర్లు. ఆరు వద్దు, మూడు చాలు. ఇప్పటి బెటాలియన్ కమాండర్‌ది, కమాండ్ సార్జెంట్ మేజర్‌ది, వీలైతే మెమో ఇచ్చిన జనరల్‌ది. ఆయన రిటైరైనా రాయొచ్చు. 'నేనిచ్చిన మెమో పని చేసింది, మార్చడానికి నాకు అభ్యంతరం లేదు' అని ఇచ్చినవాడే రెండు వాక్యాలు రాస్తే వాటి బరువే వేరు. ఆయన కుదరదంటే ఆయన తర్వాత అదే కుర్చీలోకి వచ్చినవారిని అడుగు.

లెటర్ ఎలా ఉండకూడదంటే: 'ఇతను కష్టపడే సైనికుడు, మంచి నాయకుడు, పూర్తిగా సిఫార్సు చేస్తున్నాను.' ఇందులో పేరు మార్చి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఎలా ఉండాలంటే: '2024 జూన్ నుంచి ఇతని పనితీరు రిపోర్టులకు సీనియర్ రేటర్‌ని. 2023 మార్చి గోమోర్, పోలీసు రిపోర్టు చదివాను. అవి తెలిసే ఇతన్ని ప్లటూన్ సార్జెంట్‌గా పెట్టాను. ఈ ఏడాది నలభై మంది సైనికులు, పద్నాలుగు వాహనాలు ఇతని చేతిలో ఉన్నాయి. సెలవు వారాంతాలకు ముందు తాగి నడపడం మీద సేఫ్టీ బ్రీఫ్ ఇతనే ఇస్తాడు, తన కేసే ఉదాహరణగా చెప్పి.' గోమోర్ చదివానన్న ముక్క లేని లెటర్‌ను బోర్డు తేలిగ్గా తీసుకుంటుంది, ఏం జరిగిందో తెలియకుండా సంతకం పెట్టాడని.

తేదీ, సంతకం లేని లెటర్ పంపొద్దు. ఇది కూడా చెప్పాలా అనుకోకు, చెప్పాలి.

ఫైలుగుమాస్తా

పంపడానికి ముందు ఐపర్మ్స్ (నీ ఆన్‌లైన్ సర్వీసు ఫైలు) తెరిచి, గోమోర్ ఎన్ని చోట్ల ఉందో చూసుకో. మెమో, నీ రిబటల్, ఫైలింగ్ నిర్ణయం, పోలీసు రిపోర్టు అన్నీ ఒకే ప్యాకెట్‌గా ఉండాలి. ఒక్కోసారి రిబటల్ విడిగా ఇంకో పేరుతో కూర్చుని ఉంటుంది. అర్జీలో ప్రతి కాగితం పేరు, తేదీ రాస్తే తర్వాత తిప్పలుండవు.

అర్జీ ఆర్మీ రివ్యూ బోర్డ్స్ ఏజెన్సీకి వెళ్తుంది. డాసెబ్ దాని కిందే ఉంది, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో. వాళ్ల ఆన్‌లైన్ దరఖాస్తు ద్వారా పంపొచ్చు. నువ్వు స్వయంగా హాజరై మాట్లాడే అవకాశం లేదు, కాగితమే మాట్లాడాలి. లీగల్ అసిస్టెన్స్ ఆఫీసులో డ్రాఫ్ట్ ఉచితంగా చూస్తారు, వాడుకో. నిర్ణయానికి నెలలు పడుతుంది. ప్రమోషన్ బోర్డును ప్రకటించే మిల్పర్ మెసేజ్ వచ్చాక మొదలుపెడితే అందదు.

కాదంటే? కొత్త సాక్ష్యం ఉంటే మళ్లీ డాసెబ్‌నే అడగొచ్చు. తర్వాతి మెట్టు ఏబీసీఎంఆర్ (ఆర్మీ రికార్డులు సరిదిద్దే బోర్డు), డీడీ ఫారం 149 మీద. పొరపాటో అన్యాయమో నీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు, న్యాయం కోసం అవసరమనిపిస్తే దాన్ని వాళ్లు సడలిస్తారు. డాసెబ్ మెట్టు ఎక్కకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు.

బోర్డుసీజన్

ఎవరూ చెప్పనిది ఒకటి. డాసెబ్ ఒప్పుకుంటే గోమోర్ మారుతుంది. 2023 ఎన్‌సీఓఈఆర్ మారదు. అది ఏఆర్ 623-3 పరిధి, దాని అప్పీల్ దారి వేరు. రిపోర్టు కాలం ముగిసే 'త్రూ' తేదీ నుంచి మూడేళ్లలోపు అందులో రాసిన విషయం మీద అప్పీల్ చేయాలి, అంటే నీకు 2026 సెప్టెంబర్ దాకా టైముంది. కానీ డీయూఐ నిజమే కదా, రాసింది నిజమైతే అప్పీల్‌కి పట్టు ఏముంది? రిపోర్టు రాసిన రేటర్ సంతకాలో తేదీలో తప్పుంటే తప్ప ఆ శ్రమ దండగ.

మరి గోమోర్ మార్పించుకుని లాభమేంటంటే, ఉంది. ఇప్పుడు ప్రమోషన్ బోర్డు సభ్యుడికి జనరల్ లెటర్‌హెడ్, పోలీసు రిపోర్టు, రక్తంలో ఆల్కహాల్ అంకె, నీ రిబటల్ అన్నీ కనబడుతున్నాయి. మారాక కనబడేది పాత రిపోర్టులో ఒక్క బుల్లెట్ లైను, దాని మీద రెండు మంచి రిపోర్టులు. వాటిలో సీనియర్ రేటర్ 'మోస్ట్ క్వాలిఫైడ్' అనే పై గడి పెట్టి ఉంటే ఇంకా మంచిది. ఆ గడి సీనియర్ రేటర్ 24 శాతానికి మించి ఇవ్వలేడు కాబట్టి దానికి విలువ.

మార్పు వచ్చాక బోర్డు ప్రెసిడెంట్‌కి 'నా గోమోర్ గురించి వివరణ' అని లెటర్ రాయకు. దాచిపెట్టిన కాగితాన్ని నువ్వే తెచ్చి బల్ల మీద పెట్టినట్టవుతుంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ చేసేవాళ్లున్నారు.

మార్పు వెనకటి తేదీ నుంచి వర్తించదు. ఇంతకుముందు బోర్డులో రాకపోయినవాడు 'ఇప్పుడు మారింది కదా, మళ్లీ చూడండి' అంటే కుదరదు. క్వాలిటేటివ్ మేనేజ్‌మెంట్ ప్రోగ్రాం (సీనియర్ ఎన్‌సీఓను సర్వీసులో ఉంచాలా వద్దా అని చూసేది) నోటీసు వచ్చి ఉంటే దానికి గడువులోపు విడిగా జవాబివ్వాలి, డాసెబ్ అర్జీ పెట్టానని ఊరుకోవద్దు.

ఇది చదివే ఆఫీసర్లకు ఒక మాట: మీకు లెక్క వేరు. 2020 ఆర్థిక సంవత్సరం రక్షణ చట్టంలోని 502 సెక్షన్ తర్వాత మేజర్, ఆపై ర్యాంకుల ప్రమోషన్ బోర్డులకు ప్రతికూల సమాచారం అందించాల్సిందే. రిస్ట్రిక్టెడ్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. లైంగిక నేరాలకు సంబంధించిన మెమోలు ఎవరివైనా పర్ఫార్మెన్స్ నుంచి కదలవు.

మెదక్_ఎన్‌సీఓ

సెక్యూరిటీ క్లియరెన్స్ రెన్యూవల్‌లో కూడా ఇక చెప్పక్కర్లేదా మరి?

ఫైలుగుమాస్తా

చెప్పాలి! రిస్ట్రిక్టెడ్ అంటే చెరిపేయడం కాదు, సొరుగు మార్చడం. క్లియరెన్స్ ఫారం ఎస్ఎఫ్-86లో మద్యం, డ్రగ్స్ కేసు 'ఎప్పుడైనా' పెట్టారా అని అడుగుతారు, దానికి ఏడేళ్ల పరిమితి లేదు. కేసు రెక్‌లెస్‌కు తగ్గినా మొదట పెట్టింది డీయూఐ. 'లేదు' అని రాస్తే పాత తప్పు చిన్నదైపోయి అబద్ధం పెద్దదవుతుంది.

కంటోన్మెంట్_సికింద్రాబాద్

ఇండియన్ ఆర్మీలో మా తమ్ముడికి 'సివియర్ డిస్‌ప్లెషర్' రికార్డబుల్ (రికార్డుకెక్కే మందలింపు) వచ్చింది. అక్కడ కూడా ఇలా ఫోల్డర్ మార్పించుకోవచ్చా?

చీఫ్_గాజువాక

లేదండీ, అక్కడ ఈ ఫోల్డర్ల పద్ధతి వేరు, దీన్ని దానికి అంటగట్టొద్దు. తమ్ముడు ఆఫీసర్ అయితే 1950 ఆర్మీ యాక్ట్ 27వ సెక్షన్ కింద చట్టబద్ధ ఫిర్యాదు పెట్టుకోవాలి. సర్వీసులో ఉన్న ఆ దారి అయ్యాకే 2007 చట్టం కింద ఏర్పడ్డ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. ఫిర్యాదు తేలిన ఆర్డర్ వచ్చాక ట్రిబ్యునల్‌కి ఆరు నెలలే గడువు, ఆర్డర్ చేతికొచ్చిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోమనండి.

మెదక్ తమ్ముడికి మిగిలింది ఒకటే. ఒప్పుకున్నట్టు లెటర్ వచ్చాక మళ్లీ ఐపర్మ్స్ తెరువు. పర్ఫార్మెన్స్ ఫోల్డర్‌లో మెమో పోయినా దాని జతకాగితం ఒకటి మిగిలిపోవచ్చు. ఉంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్, డాసెబ్ నిర్ణయం కాపీ కలిపి హెచ్ఆర్‌సీకి (ఆర్మీ సిబ్బంది రికార్డులు చూసే కమాండ్) పంపించు. బోర్డు ఫైల్ మూసే తేదీకి ముందు ఇంకోసారి చూడు.