పొందూరు అమ్మాయికి డిజైన్ కోర్సు: స్టూడియో పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

మా మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు. వాళ్ల నాయనమ్మ ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద సన్న నూలు తీస్తారు. ఈ పిల్ల ఆ దవడ పళ్ల వరుసనే చీర అంచుగా మార్చి నోటు పుస్తకాలన్నీ నింపేసింది. ఇంజనీరింగ్ వద్దు, జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో బీడెస్, అంటే డిజైన్ డిగ్రీ, చదువుతానంటోంది. "బొమ్మలు కూడు పెడతాయా?" అంటున్నారు బావగారు. ఆయన సంగతి నేను చూసుకుంటాను.

దాని ప్రవేశ పరీక్ష ఏ గ్రూపువారైనా రాయవచ్చని, ప్రిలిమ్స్ దాటితే మెయిన్స్ ఉంటుందని తెలుసు. ఆ మెయిన్స్‌లో చేతులతో నమూనాలు చేయించే స్టూడియో పరీక్షకు ఇంటి దగ్గర ఏయే వస్తువులతో సాధన చేయాలి? వేలకు వేలు అడిగే కోచింగ్ నిజంగా అవసరమా? తెలుగు మీడియం నుంచి వెళ్లి సీటు తెచ్చుకున్నవారుంటే, ఇంగ్లీషుతో ఎలా నెగ్గుకొచ్చారో దయచేసి చెప్పండి.